లావు కడ్డీ వేస్తే చాలునా?

మీరెక్కిన బస్సు మలుపులో కుడికి తిరిగితే మీరు ఎడమకు ఒరుగుతారు గదా! కారూ అంతే. చక్రాలు రోడ్డును పట్టుకొని తిరుగుతాయి. పైభాగం మాత్రం జడత్వం వల్ల మలుపుకు బయటివైపు ఒరుగుతుంది.

ఈ ఒరుగుడును తగ్గించడానికి కారు కింద అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. దానినే స్వే బార్ అంటారు. స్టెబిలైజర్ బార్ అన్నా ఇదే. దాని చివరలు ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌కు తగిలించి ఉంటాయి. రెండు చక్రాలూ ఒకేసారి పైకి లేస్తే కడ్డీ ఊరకే కదులుతుంది. ఒకటి లేచి మరొకటి దిగితే మాత్రం తడిబట్టను పిండినట్లు మెలిపడుతుంది. ఆ మెలికను ఎదిరించే గుణమే కారును ఒరగకుండా ఆపుతుంది.

స్పోర్ట్స్ కార్లంటే మోజున్నవారు కొందరు ఈ కడ్డీని తీసి లావైనది వేయిస్తారు. కడ్డీ బిగువు దాని వ్యాసం నాలుగవ ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 20 మి.మీ. కడ్డీకి బదులు అదే లోహంతో, అదే ఆకారంలో 24 మి.మీ. కడ్డీ వేశారనుకోండి. వ్యాసం 1.2 రెట్లే అయింది. బిగువో? 1.2 × 1.2 × 1.2 × 1.2 = 2.07. రెట్టింపు దాటింది!

"అయితే ఎంత లావైతే అంత మంచిది గదా!" అంటారేమో. కాదంటాను నేను. మలుపులో లోపలి చక్రాల మీది బరువు కొంత బయటి చక్రాల మీదకు మారుతుంది. అది ఎంత అన్నది కారు బరువు, గరిమనాభి ఎత్తు, చక్రాల మధ్య దూరం, వేగం, మలుపు వంపు నిర్ణయిస్తాయి. కడ్డీ దానిని దాదాపు తగ్గించలేదు. ఆ మార్పులో ముందు జత చక్రాల వాటా ఎంత, వెనక జత వాటా ఎంత అన్నదే మారుస్తుంది.

టైరు మీద బరువు రెట్టింపయితే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకు తక్కువే పెరుగుతుంది. కాబట్టి బయటి టైరుకు వచ్చే లాభం కన్నా లోపలి టైరుకు కలిగే నష్టమే ఎక్కువ. ముందు కడ్డీ బిగువైతే ముందు టైర్ల పట్టు తగ్గి, స్టీరింగు తిప్పినా కారు తగినంత తిరగదు. వెనక కడ్డీ మరీ బిగువైతే వెనక చక్రాలు జారి కారు గిర్రున తిరగవచ్చు.

అమెరికాలో 1960 మోడల్‌గా వచ్చిన షెవర్లే కార్వైర్‌ను చూడండి. ఇంజను వెనక ఉండడంతో బరువు ఎక్కువగా వెనక చక్రాల మీదే పడేది. వెనక భాగం జారే స్వభావాన్ని ముందు కడ్డీ తగ్గించగలదు. కాని 1964 మోడల్ దాకా దానిని అన్ని కార్లకూ వేయలేదు. 1965లో రాల్ఫ్ నాడర్ తన పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఈ కారును తీవ్రంగా విమర్శించాడు. 1972లో ప్రభుత్వ నివేదిక అది సాటి కార్ల కన్నా ప్రమాదకరం కాదన్నది. ఎవరిది సరైనదన్నా, ఒక కడ్డీ ఉండడం, లేకపోవడం ఎంత పెద్ద విషయమో తెలుస్తోంది గదా!

నా తరగతిలో నాలుగవ ఘాతం లెక్క చేయగానే పిల్లలు పుస్తకం మూసేస్తారు. "ఏది పెరిగింది?" అన్నదానితో ఆగకండి. "ఏది మారలేదు? ఏది తగ్గింది?" అని కూడా అడగండి. రేపు మీలో ఎవరైనా కారును మార్చదలిస్తే ఒకసారికి ఒకే మార్పు చేయండి, కొలవండి, ట్రాకు మీద పరీక్షించండి. నలుగురూ తిరిగే రోడ్డు ప్రయోగశాల కాదు. అక్కడ మీ పొరపాటుకు మూల్యం సైకిలు మీద వెళ్లే మరొకరు చెల్లించవలసి రావచ్చు.