నీతి చెప్పిన మాత్రమున కథ యగునా?

మన తెలుగు కుటుంబములలో కథను గూర్చి యొక అపోహ పాతుకొని పోయినది. చివర నొక నీతి యున్నచో అది కథ యనియు, నీతి యెంత గొప్పదో కథయు నంత గొప్పదనియు పెద్దలు తలంచుచున్నారు. మన పిల్లలు వ్రాసి తెచ్చు కథలను చూడుడు. గోదావరి గట్టున నొక పల్లె, అందొక మంచివాడు, ఒక చెడ్డవాడు, చెడ్డవాడు పశ్చాత్తాపపడును, కథ ముగియును. వ్రాసిన బాలిక గోదావరిని చూచి యెరుగదు. ఆమె పుట్టి పెరిగినది పీణ్యలో. ఈ పద్ధతిని మేము అంగీకరింపము.

కథకు కొన్ని అంగములున్నవి. కోరిక గల మనిషి యుండవలెను, అది పాత్ర. ఆ కోరికకు అడ్డు తగులవలెను, అది సంఘర్షణ. ఒక సంఘటన నుండి మరియొకటి పుట్టవలెను; అది ఇతివృత్తము. అదంతయు ఒకానొక చోట, ఒకానొక కాలమున జరుగవలెను. ఎవరి కన్నులతో చూచుచున్నామో తేలవలెను. నీతి యీ పట్టికలో లేదు. అది చదువరి మనస్సున పుట్టునదే గాని కథకుడు చివర అతికించునది కాదు.

“పంచతంత్రము నీతికథలు కావా?” యని కొందరు అడుగుదురు. అగును. కాని కోతి, మొసలి కథ నుండి నీతిని తీసివేయుడు. నడినీట మొసలి వీపుపై చిక్కిన కోతి గతి యేమగునో యని పిల్లవాడు ఊపిరి బిగబట్టియే వినును. నీతిని మాత్రముంచి కోతిని తీసివేయుడు, ఎవరు విందురు?

1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడిన గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ సంస్కరణను కోరి వ్రాసినదే. అర్ధరాత్రి యిల్లు చేరిన గోపాలరావునకు భార్య కానరాదు. ఆమె ఉత్తరము మాత్రము దొరకును. అతనికి ఎవరును ఉపన్యాస మీయలేదు. ఆ ఉత్తరము, మంచము క్రింద దాగిన కమలిని నవ్వు, ఇవియే పని నెరవేర్చినవి. పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’లో రావుగారు నియమములే ప్రాణముగా బ్రతికిన పెద్దమనిషి. తుపాను రాత్రి, నిర్జనమైన రైల్వే స్టేషను, తాను ఏవగించుకొన్న బిచ్చగత్తె ఆ నియమములను పరీక్షించినవి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక ప్రపంచ కథల పోటీలో ఆ కథకు ద్వితీయ బహుమతి వచ్చినది. ఆ చోటును, ఆ తుపానును తొలగించినచో రావుగారి కథయే లేదు.

మరి మన చోటేది? పీణ్యలో కథలకు కొరత యున్నదా? రాత్రి షిఫ్టులో లేతు ముందు నిలుచు కుర్రవాడు, ఆర్డర్లు రాక యంత్రమును అమ్ముకొను చిన్న యజమాని మన వీథులలోనే యున్నారు. ప్రక్కనున్న జలహళ్ళిలో హెచ్.ఎం.టి. గడియారములు తయారైనవి, ఆ గడియారముల సంస్థను మూసివేయుటకు 2016లో కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. నేటికిని ప్రతి ఉదయము ఆ పాత గడియారమునకు కీ యిచ్చు తాతకును, ఫోను చూపి నవ్వు మనుమనికిని నడుమ కథ లేదా?

భాష సంగతియు నింతే. మన ఇండ్లలోని తెలుగులో కన్నడపు మాటలు కలిసి యుండును. వానిని పాత్రల నోట వ్రాసిన పిల్లలను పెద్దలు దిద్దుచున్నారు. ఇట్టి వ్యాసమునకు గ్రాంథికము చెల్లును; లేతు ముందరి కుర్రవాని నోట చెల్లదు. స.వెం. రమేశ్ గారు పులికాటు ప్రాంతపు పలుకుబడిలోనే ‘ప్రళయకావేరి కథలు’ వ్రాసినారు. ఆ పలుకుబడిని దిద్దివేసినచో ఆ కథలలో మిగులునదేమి?

ఇది ప్రొద్దుపోని వారి చర్చ కాదు. మన పిల్లలకు బడిలో కన్నడము, ఆంగ్లము కలవు. తెలుగునకు మిగిలినది ఇల్లు మాత్రమే. తెలుగు తామెరుగని పల్లెను గూర్చియే పలుకుననియు, తమ వీథిని గూర్చి పలుకలేదనియు వారికి తోచినచో, ఆ భాషను పండుగనాటి పట్టుబట్టవలె పెట్టెలో దాచి మరచిపోవుదురు.

కావున పెద్దలకు మా విన్నపము. పిల్లలు కథ తెచ్చినపుడు “ఇందలి నీతి యేమి?” యని అడుగకుడు. “ఇతడేమి కోరినాడు? ఏది అడ్డుపడినది? ఇది యెక్కడ జరిగినది?” అని అడుగుడు. వారు పీణ్య పేరు చెప్పినచో దిద్దక, తరువాత నేమి జరిగినదో చెప్పుమనుడు.