బకాసురుడితో ఎన్నిసార్లు పోరాడాలి?

బోధన్ నుంచి ఒక అబ్బాయి ఇట్లా అడిగాడు: "మాయలూ రాక్షసులూ ఉండే కంప్యూటర్ ఆటలు మా నాన్న చిన్నతనంలో చాలా కష్టంగా ఉండేవట. ఇప్పటివి చెరకుముక్క నమిలినంత తేలికట. నెల్లాళ్ళు తంటాలుపడి నేను గెలిచిన రాక్షసుడు రాక్షసుడే కాదా?"

ఇది బోధన్ వాళ్ళు అడగవలసిన ప్రశ్నే! భారతంలోని ఏకచక్రపురం తమ ఊరేనని వాళ్ళు చెప్పుకుంటారు. బండెడు అన్నాన్నీ, దున్నపోతులనూ, తోలుకొచ్చిన మనిషినీ కలిపి తినేసే బకాసురుణ్ణి భీముడు చంపింది అక్కడేనట. (2015లో షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడేదాకా అన్నన్ని చెరకు బండ్లు చూసిన ఊరు గదా, బండిని మింగే రాక్షసుడి కథ అక్కడ నిలవక ఏం చేస్తుంది!)

సరే, మీరే భీముడనుకోండి. మొదటిసారి ఓడిపోయారు. తరవాత ఏమిటి? అసలు తేడా అంతా ఇక్కడే ఉంది.

1980లో వచ్చిన 'రోగ్' అనే ఆటలో బొమ్మలు లేవు. రాక్షసులంటే తెరమీద ఇంగ్లీషు అక్షరాలే. మీ వీరుడు చచ్చాడా, దాచుకున్న ఆట కూడా చెరిగిపోయేది. మళ్ళీ మొదలుపెడితే నేలమాళిగ దారులే మారిపోయేవి! 1981 నాటి 'విజార్డ్రీ'లో పది అంతస్తులు. ఒక్కొక్కటీ ఇరవై గళ్ళ పొడవు, ఇరవై గళ్ళ వెడల్పు. ఆడేవాళ్ళు గ్రాఫ్ కాగితం మీద పటం గీసుకునేవారు. కొన్ని గళ్ళలో కాలుపెడితే ఆట మిమ్మల్ని గిర్రున తిప్పి, చెప్పకుండా వేరే దిక్కుకు నిలబెట్టేది. ఇక ఆ పటం తప్పులతడకే. చచ్చిన మిత్రుణ్ణి గుడికి మోసుకుపోయి డబ్బు కట్టినా, ఒక్కొక్కప్పుడు బతకడానికి బదులు బూడిదయ్యేవాడు. ఆ బూడిదనైనా బతికించబోతే, అదీ తప్పితే, మనిషి ఇక లేనట్టే.

అయితే నాన్న చెప్పిందే నిజమా? సగం నిజం. ఆ కష్టంలో కొంత, నియమాలు చెప్పకుండా ఆడించడం వల్ల వచ్చిందే. ఫ్లాపీలో పట్టే సరుకు కొంచెం. దానితోనే చాలా రోజులు ఆడించాలి మరి.

కొత్తవాటిలోనూ విచిత్రాలున్నాయి. 2006లో వచ్చిన 'అబ్లివియన్'లో మీ బలం పెరిగినకొద్దీ శత్రువుల బలమూ పెరుగుతుంది. చివరికి దారిదోపిడీ దొంగలు కూడా మహారాజులు తొడిగేటంత ఖరీదైన కవచాలతో ఎదురవుతారు! భీముడు కసరత్తు చేస్తూంటే బకాసురుడు కూడా పక్కన దండేలు తీసినట్టు. నాకైతే ఇది నచ్చదు. బలం పెరిగిన సంగతి మనకు తెలిసేదెట్లా?

2011 నాటి 'డార్క్ సోల్స్'ను నాన్నకు చూపించు. అందులో 'తేలిక' అనే మీట లేనేలేదు. చస్తే వెనకటి నెగడు దగ్గర లేస్తారు. కూడబెట్టినదంతా చచ్చినచోటే పడి ఉంటుంది. దాన్ని తెచ్చుకోబోతూ మళ్ళీ చస్తే అదీ పోతుంది. కాని తెరిచిన తలుపులు తెరిచే ఉంటాయి. ఆ రాక్షసుడి దగ్గరికే పదిసార్లయినా వెళ్ళవచ్చు. కొట్టేముందు వాడు ఏ చెయ్యి ఎత్తుతాడో, ఎంతసేపు ఆగుతాడో కనిపెట్టవచ్చు. 'రోగ్'లో ఈ పాఠం చావుతోనే ఆగిపోయేది.

2023లో వచ్చిన 'బాల్డర్స్ గేట్ 3' ఎంత కష్టం కావాలో ముందే అడుగుతుంది. అదే ఏడాది చివర ఒకే ఒక్క సేవ్‌తో ఆడే పద్ధతి కూడా అందులో చేర్చారు. పాత భయం మళ్ళీ వచ్చిందన్నమాట, కోరుకున్నవాళ్ళకు మాత్రమే.

కనక అబ్బాయీ, నీ రాక్షసుడు రాక్షసుడే. వైకుంఠపాళిలో పెద్దపాము మింగితే అంతవరకూ ఎక్కిన మెట్లన్నీ పోతాయి గదా, మీ నాన్న ఆడినవాటిలో ఆ భయం ఎక్కువ. నీ ఆటలో చేతికీ కంటికీ పని ఎక్కువ. ఈ ఆదివారం మీ నాన్నను నీ రాక్షసుడి ముందు కూర్చోబెట్టు. నువ్వు గ్రాఫ్ కాగితం తీసుకుని, ఆయన చెప్పే పాత ఆట ఒకటి పటం గీస్తూ ఆడు. ఎవరు ఎన్నిసార్లు చచ్చారో లెక్కరాసి నాకు పంపించు.