అర్ధరాత్రి తలుపు



2024 సెప్టెంబర్ 1, ఆదివారం. మహబూబాబాద్ జిల్లా కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అంతకుముందు ఏడాది జూలై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచేస్తే జనం డాబాలెక్కి సాయం కోసం ఎదురుచూశారు.

అలాంటి రాత్రి స్నేహితుడు ఫోన్ చేసి "అన్నా, వాగు కాడ ఆగిపోయిన" అంటే మనం ఏమంటాం? "ప్రార్థన చేస్తాం తమ్ముడూ" అంటాం. ఫోన్ పెట్టేసి దుప్పటి కప్పుకుంటాం. దీన్ని విశ్వాసం అనవద్దు. ఇది సోమరితనానికి తొడిగిన తెల్లబట్ట.

లూకా 11వ అధ్యాయంలో అర్ధరాత్రి రొట్టెలడిగిన స్నేహితుణ్ణి చూపించి, పట్టువిడువని ప్రార్థన గురించే బోధించుకుంటాం. మంచిదే. కానీ లోపల పడుకున్నవాడు మనమేనని ఎన్నడైనా తలంచామా? తలుపు వేశాం, పిల్లలు పడుకున్నారు అనే ఆ సాకులు మనవి కావా?

"రేపు ఆరాధన ఉంది కదా" అంటాం. విశ్రాంతి దినమున గుంటలో పడిన ఎద్దును పైకి తీయరా అని అడిగిన ప్రభువు, మనిషి సంగతి అడగడా?

"పొంగే వాగులో దిగమంటారా?" అనేవారున్నారు. దిగవద్దు. అది ప్రభువును శోధించడమే. 112కు ఫోన్ చేద్దాం. ఇవతలి గట్టున ఉన్నవాడికి ఎదురెళదాం. పొడిబట్ట ఇద్దాం, పొయ్యి వెలిగిద్దాం. చర్చి తాళం తీద్దాం.

జనగామ నుండి భూపాలపల్లి దాకా ప్రతి వానాకాలం ఎవరో ఒకరు మన తలుపు తడతారు. ప్రార్థన చేద్దాం. చెప్పులు తొడుక్కుంటూ చేద్దాం. ఆమేన్.