నాజర్ మనవాడే, మరి ఆయన కులం?

పాలకొల్లు బిడ్డ అల్లు రామలింగయ్య వెండితెరపై తొలి అడుగు వేసినది 1953 నాటి ‘పుట్టిల్లు’తో. ఆ చిత్ర దర్శకులు డాక్టర్ గరికపాటి రాజారావు ప్రజానాట్యమండలి సారథుల్లో ఒకరు. షేక్ నాజర్ బుర్రకథను ఊరూరికీ చేర్చినదీ ఆ మండలే. పాలకొల్లులో రామలింగయ్య పేరు తెలియని ఇల్లు ఉండదు. నాజర్ పేరు మన ఇళ్లలో ఎందరు పిల్లలకు తెలుసు?

1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట ఆయన జన్మించారు. కథ తానే కట్టి, తంబుర భుజాన వేసుకుని తానే పాడి ఆడేవారు. పక్కనున్న వంతల్లో ఒకరు హాస్యం పండిస్తే, మరొకరు నాటి రాజకీయాన్ని నిలదీసేవారు. బెంగాల్ కరువు బాధితుల ఆకలిని తెలుగు పల్లెలకు వినిపించారు. పల్నాటి యుద్ధాన్నీ, అల్లూరి సీతారామరాజునూ కళ్లకు కట్టించారు. 1954లో ‘అగ్గిరాముడు’ చిత్రంలోనూ ఆయన బుర్రకథ మోగింది. 1986లో పద్మశ్రీ వరించింది. 1997 ఫిబ్రవరి 22న కన్నుమూశారు.

ముస్లిముల దేశభక్తిని ఎవరైనా శంకించినప్పుడు మనం నాజర్ పేరు ఎత్తుతాము. సభ ముగియగానే మరచిపోతాము. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. దూది ఏకే వృత్తిని తెలిపే ఆ మాటను తెలుగునాట తిట్టుగా వాడారు. దానినే ఆయన కథ తలకెత్తుకుంది. ఆ తిట్టు బయటివారి నోటనే ఉన్నదా? ఉర్దూ రాదనీ, ఇంట తెలుగు మాట్లాడతారనీ దూదేకులను ‘సగం ముస్లిములు’గా చూసే చూపు మన మధ్యనే లేదా?

రిజర్వేషన్ జాబితాలో దూదేకులు బీసీ-బిలో, 2007లో చేర్చిన ముస్లిం వర్గాలు బీసీ-ఇలో ఉన్నాయి. అది ప్రభుత్వం గీసిన గీత. పెళ్లి సంబంధాల వేళ, కమిటీల ఎన్నికల వేళ గీసే గీత మాత్రం మనదే. భుజం భుజం కలిపి నమాజుకు నిలబడేవారికి ఇది తగునా?

రాబోయే ఫిబ్రవరి 5న పాలకొల్లులో మన పిల్లలకు నాజర్ కథ చెబుదాము. ఆయన తెలుగు మన తెలుగే అని చెబుదాము. అంతకుముందు పొరుగున ఉన్న దూదేకుల కుటుంబాన్ని సరిసమానంగా కమిటీలో కూర్చోబెడదాము. అది చేయనంతకాలం నాజర్‌ను మనవాడని చెప్పుకునే హక్కు మనకు లేదు.