లారీ దొర టెస్టు కేసులన్నీ పాసయ్యాయి!

ఎల్బీనగర్లో మెట్రో ఎక్కితే మొదట వచ్చేది విక్టోరియా మెమోరియల్. తర్వాత చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటి కాసేపటికి ఉస్మానియా మెడికల్ కాలేజీ. మొన్న అలా ఆఫీసుకి పోతుంటే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఓ ఫార్వర్డు. క్లోరోఫాం గుండెకి ప్రమాదం కాదని లోకానికి నిరూపించింది మన హైదరాబాదేనట, గర్వపడాలట. కింద బోలెడు చప్పట్లు.

నిరూపించలేదండీ బాబూ. తప్పు చెప్పింది.

ఆ పెద్దమనిషి ఎడ్వర్డ్ లారీ (బండి కాదు, ఇంటిపేరే). ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ శిష్యుడు. లాహోరులో సర్జరీ ప్రొఫెసరు. 1885లో రెసిడెన్సీ సర్జనుగా ఇక్కడికొచ్చి మెడికల్ స్కూలు నడిపాడు. ఇప్పటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం ఆ స్కూలే. గురువుగారి మాట ఆయనకి వేదం: క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడి చూడక్కర్లేదు, ఊపిరి చూస్తే చాలు, గుండె ముందు ఆగదు.

కానీ మనుషులు చచ్చిపోతున్నారే! 1848లో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ పిల్లకి కాలిగోరు తియ్యడానికి మత్తిస్తే నిమిషాల్లో ప్రాణం పోయింది. 1880లో గ్లాస్గో కమిటీ గుండెకీ ముప్పేనంది. లారీ ఒప్పుకోలేదు. 1888లో ఇక్కడ కమిషన్ వేసి కుక్కల మీద ప్రయోగాలు చేయించాడు. లాన్సెట్ పత్రిక నమ్మలేదు. సరే, మీ మనిషినే పంపండన్నాడు. ఆరో నిజాం వెయ్యి పౌన్లిచ్చాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువుల్ని చంపి చూశారు. అనుమానంతో వచ్చిన బ్రంటన్ కూడా మనసు మార్చుకున్నాడు. అన్ని టెస్టులూ పాస్!

ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. దిల్‌సుఖ్‌నగర్లో మూణ్ణెల్ల టెస్టింగ్ కోర్సు చేసిన కుర్రాడినడిగినా చెప్తాడు, టెస్టు కేసుల లెక్క వేరు, కవరేజీ వేరు అని. వీళ్ళు ఎక్కువ మోతాదు ఇస్తూ పోయి ఏది ముందు ఆగుతుందో చూశారు. ఊపిరే ముందు ఆగింది, ఆగుతుంది కూడా. అసలు చావులు జరిగేది అక్కడ కాదు. మత్తు ఇంకా పూర్తిగా ఎక్కకముందు, అడ్రినలిన్ పెరిగినప్పుడు గుండె లయ తప్పి ఆగిపోతుందని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపించాడు. అంటే కత్తి చూసి భయపడ్డ మనిషి. ఆ మనిషి లారీ టెస్టు డేటాలోనే లేడు.

"అప్పట్లో ఈసీజీ లేదుగా, ఆయన్నంటే ఎలా?" అని మా గ్రూపులో ఒకాయన. లేదు, నిజమే. టెస్టు తప్పినందుకు నేను తిట్టడంలేదు. ఎక్కడ పేషెంటు పోయినా "మత్తిచ్చినవాడికి చేతకాలేదు" అనేవాడే, అందుకు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మన భాషలో చెప్పాలంటే, వచ్చిన ప్రతి బగ్గునీ యూజర్ ఎర్రర్ అని మూసేశాడు. నేనూ మూశాను లెండి. అక్కడ పోయింది ఓ క్లయింటు వీకెండు, అంతే. ఇక్కడ నాడి చూడొద్దని చెప్పింది ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడ్డ డాక్టర్లకి.

ఊపిరి గమనించమన్న మాట మాత్రం బంగారం. అది ఇప్పటికీ పనికొస్తోంది.

"నెగెటివ్ ఎందుకు సార్, మన ఊరి గొప్ప కదా" అని ఇంకొకరు. గొప్పే కావాలంటే రూపాబాయి ఫర్దూన్జీ ఉందిగా! లారీయే 1885లో మెడికల్ స్కూల్లో ఆడపిల్లల్ని చేర్చుకున్నాడు (ఈ మార్కులు ఆయనకి వెయ్యాల్సిందే). వాళ్ళలో ఒకమ్మాయి ఈవిడ. ఈ ఊరి ఆస్పత్రుల్లోనే ఏళ్ళ తరబడి క్లోరోఫాం ఇచ్చిన డాక్టరమ్మ. చదువు చాలదనుకుని తర్వాత ఎడిన్‌బరో వెళ్ళి మళ్ళీ చదువుకుంది. ఆవిడ పేరు ఫార్వర్డు చెయ్యండి, చప్పట్లు నేనూ కొడతా :-)