గాయం మానడంలో వంశం పాలెంత?

ఒకే తల్లి బిడ్డలిద్దరికి ఒకే రోజు మోకాళ్లు కొట్టుకుపోయినా, ఒకరి గాయం వారం తిరిగేసరికి పక్కు కట్టి రాలిపోతుంది. మరొకరి గాయం చాలాకాలం పచ్చిగానే ఉండి, మానిన తరువాత కూడా గట్టి మచ్చను మిగులుస్తుంది. ఇటువంటి సందర్భాల్లో మన ఇళ్లలోని పెద్దలు "వాడి ఒంటి తత్వమే అంత" అని సరిపెట్టుకుంటారు. ఈ మాటలో కొంత సత్యం ఉన్నది. అయితే ఆ కొంత సత్యాన్నే సంపూర్ణ సత్యంగా భావించి, మానని పుండును నెలల తరబడి ఉపేక్షిస్తే కాలినీ, ఒక్కొక్కసారి ప్రాణాన్నీ కోల్పోయే ప్రమాదం ఉంది. కనుక గాయం మానడంలో వంశపారంపర్యం పాత్ర ఎంత, దాని హద్దు ఎక్కడ అన్న విషయాన్ని ఈ నెల పరిశీలిద్దాం.

తల్లిదండ్రుల్లో కనిపించని లక్షణం పూర్వీకుల నుంచి బిడ్డల్లో బయటపడగలదన్న విషయం మనకు కొత్త కాదు. తన భార్యకు నల్లని బిడ్డ పుట్టాడని కలతపడుతూ వచ్చిన ఒక ఎడారివాసిని దైవప్రవక్త ముహమ్మద్ (స) అతని ఒంటెల రంగుల గురించి అడిగారు. ఎర్ర ఒంటెల మందలో బూడిద రంగు ఒంటె ఎలా పుట్టిందో అతని నోటనే చెప్పించి, బిడ్డ విషయంలోనూ పూర్వీకుల పోలికే వచ్చి ఉండవచ్చని వివరించి, అతని అనుమానాన్ని తొలగించారు. రంగు విషయంలో కనిపించే ఈ వారసత్వం చర్మం మానే తీరులోనూ ఉంటుందని నేటి పరిశోధనలు తెలియజేస్తున్నాయి. అందుకు ముఖ్య సాక్ష్యం చిట్టెలుకల నుంచి లభించింది.

ప్రయోగశాలల్లో ఏ చిట్టెలుక ఏదో గుర్తుపట్టడానికి వాటి చెవులకు చిన్న రంధ్రాలు వేయడం వాడుక. మామూలుగా ఆ రంధ్రం జీవితాంతం నిలిచిపోతుంది. అయితే అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఉన్న విస్టార్ సంస్థలో ఎలెన్ హీబర్-కాట్జ్ బృందం పెంచుతున్న 'ఎం.ఆర్.ఎల్.' అనే వంశపు చిట్టెలుకల చెవులకు వేసిన రంధ్రాలు కొద్ది వారాల్లోనే కనిపించకుండా పోయాయి. పరీక్షించి చూడగా 2 మిల్లీమీటర్ల రంధ్రం సుమారు నాలుగు వారాల్లో మచ్చ లేకుండా పూడుకుపోతున్నదని తేలింది. చర్మమే కాదు, లోపలి మృదులాస్థి కూడా తిరిగి పెరిగింది. ఈ విషయం 1998లో ప్రచురితమైంది.

ఆ వంశపు చిట్టెలుకలను సాధారణ నల్ల చిట్టెలుకలతో జత కలిపి, వాటి మనుమల తరాన్ని కూడా పరిశీలించారు. కొన్నింటికి రంధ్రం పూర్తిగా పూడింది, కొన్నింటికి పెద్దగా పూడలేదు, మిగిలినవి ఈ రెండింటి మధ్య నిలిచాయి. అంటే గాయాన్ని మాన్పే జన్యువు ఏదో ఒక్కటే కాదు. వేర్వేరు క్రోమోజోములపై ఉన్న అనేక జన్యువులు తలా కొంత పాలు పంచుకుంటున్నాయి. వాటి కలయిక ఒక్కొక్క ప్రాణిలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. ఒకే ఇంటి బిడ్డల మధ్య తేడాలు ఉండటంలో ఆశ్చర్యం లేదు.

2010లో మరొక అంశం వెలుగు చూసింది. కణాలు అదుపు తప్పి విభజన చెందకుండా ఆపే 'పి21' అనే జన్యువు లేని చిట్టెలుకల్లో కూడా చెవి రంధ్రాలు పూడుకుపోయాయి. ఆ పగ్గం సడలితే గాయం పూడటం సులభమవుతుందన్న మాట. కాని పగ్గం అక్కడ ఉండటానికీ కారణం ఉంది. దెబ్బతిన్న కణం పెరిగి హాని చేయకుండా కాపాడేది అదే. ఎం.ఆర్.ఎల్. చిట్టెలుకలను చూసినా, చెవి బాగా మానే ఆ వంశంలోనే సొంత శరీరంపై సొంత రక్షణ వ్యవస్థ దాడి చేసే జబ్బుకు మొగ్గు ఎక్కువ. పైగా అదే చిట్టెలుక వీపుపై గాయమైతే సాధారణ చిట్టెలుకకు వలెనే మచ్చ పడుతుంది. కనుక 'మంచి చర్మం', 'చెడ్డ చర్మం' అనే తీర్పు ఒక్క మాటలో చెప్పగలిగేది కాదు.

దీనికి భిన్నమైన చిట్టెలుక మరొకటి ఉంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఉన్న జాక్సన్ ప్రయోగశాలలో 1966లో గుర్తించిన ఈ వంశంలో ఒకే ఒక జన్యువు చెడిపోయి ఉంటుంది. కడుపు నిండిందని మెదడుకు తెలిపే సంకేతాన్ని అందుకునే జన్యువు అది. ఆ లోపం వల్ల చిట్టెలుక అదుపు లేకుండా తిని లావెక్కి మధుమేహం పాలవుతుంది. దాని గాయాలు చాలా ఆలస్యంగా మానుతాయి. చెడిపోయినది చర్మపు జన్యువు కాదన్నది ఇక్కడ గమనించదగినది. మానని పుండు పైకి చర్మం మీద కనిపించినా, దాని మూలం లోపల మరెక్కడో ఉండవచ్చు.

ఆ పుండు కూడా విధిరాత కాదు. కణాల పెరుగుదలను ప్రోత్సహించే ఒక ప్రోటీనును పైపూతగా వాడితే ఈ మధుమేహ చిట్టెలుకల గాయాలు త్వరగా మానాయి. ఆ ప్రోటీనుతో తయారైన మందుకు, మధుమేహ రోగుల కాలి పుండ్ల కోసం, 1997లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. జన్యువు మారలేదు; గాయపు గతి మారింది.

అయితే చిట్టెలుక మనిషి కాదు. దాని చర్మం కింద ఉండే పలుచని కండర పొర గాయపు అంచులను దగ్గరకు లాగి మూసివేస్తుంది. మన గాయం ఎక్కువగా కొత్త కండ పట్టి, పైన కొత్త చర్మం పరచుకొని మానుతుంది. అందువల్ల చిట్టెలుకల ఫలితాలను ఉన్నవి ఉన్నట్లు మనకు అన్వయించుకోరాదు. మన ఇళ్లకు పనికివచ్చే విషయాలు మాత్రం కొన్ని ఉన్నాయి.

గాయం మానిన చోట మచ్చ ఉబ్బి గడ్డలా పెరిగే కీలాయిడ్ లక్షణం కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది. తల్లికో నానీకో దాదీకో అది ఉంటే, ఆడపిల్లకు చెవులు కుట్టించడానికి ముందే వైద్యుని సలహా తీసుకోవాలి. ఇక పుండు రెండు వారాలైనా తగ్గుముఖం పట్టకపోతే వంశాన్ని నిందించక రక్తంలో చక్కెరను పరీక్షించుకోవాలి. మధుమేహం ఉన్నవారు కాలి గాయానికి రెండు వారాలు కూడా ఆగకూడదు. ఎరుపు, వాపు, చీము, దుర్వాసన, నలుపు, జ్వరం - వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్లాలి. పుండుపై కాఫీపొడి, సున్నం, బూడిద వంటివి వేయకూడదు. పొగ తాగడం గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుందని కూడా మరువరాదు.

మధుమేహం వల్ల పాదాలు మొద్దుబారినవారికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఈ విషయంలో విశ్వాసికి రోజూ లభించే అవకాశం వుజూ. పాదాలు కడిగేటప్పుడు వేళ్ల సందులను, అరికాళ్లను ఒకసారి పరికించి చూసి, తరువాత తడి లేకుండా తుడుచుకుంటే చిన్న పగులు కూడా కంటపడుతుంది. చూపు ఆనని పెద్దల పాదాలను పిల్లలు చూసిపెట్టడం సేవ కూడా. గాయానికి నీరు తగలరాదని వైద్యుడు చెబితే, కట్టుపై మసహ్ చేసే సౌలభ్యం షరీఅత్‌లో ఉంది. దాని పద్ధతిని ఆలింలను అడిగి తెలుసుకోవచ్చు.

ఉహద్ యుద్ధంలో దైవప్రవక్త (స) ముఖానికి గాయమైనప్పుడు హజ్రత్ అలీ (రజి) డాలుతో నీరు పోస్తుండగా హజ్రత్ ఫాతిమా (రజి) రక్తాన్ని కడిగారు. నీటితో రక్తం ఆగడం లేదని గమనించగానే ఆమె ఆ కాలంలో అందుబాటులో ఉన్న మరో ఉపాయానికి మారారు. చాప ముక్కను కాల్చి ఆ బూడిదను అద్దారు. రక్తం ఆగింది. ఈ సంఘటన నుంచి మనం నేర్వవలసినది బూడిద వాడకాన్ని కాదు, ఆ అప్రమత్తతను. ఒక చికిత్స ఫలించనప్పుడు ఆమె చేతులు ముడుచుకొని కూర్చోలేదు.

శరీర తత్వం అల్లాహ్ ఇచ్చినది. ఆ శరీరం మన వద్ద ఉన్న అమానతు. వారసత్వంగా ఏది వచ్చిందో ఎంచుకునే అధికారం మనకు లేదు. కాని వచ్చిన దానిని కనిపెట్టుకొని ఉండటం, వేళకు వైద్యం చేయించుకోవడం మన బాధ్యత. ఆ బాధ్యతను గుర్తించే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక, గాయాలతో బాధపడుతున్న వారందరికీ సంపూర్ణ స్వస్థతను అనుగ్రహించుగాక! ఆమీన్.