పిల్లరులో పొదుపు ప్రమాదం

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతంలో ఎక్కడ కట్టవచ్చు, ఎంత కట్టవచ్చు అన్న వాదన 1996లో 111 జీ.ఓ. వచ్చిన నాటినుంచీ సాగుతూనే వున్నది. ఎలా కట్టాలి అన్న మాట మాత్రం అంతగా వినబడదు.

వెనకటి పెంకుటిండ్లలో బరువును మట్టిగోడలు మోసేవి. నేటి స్లాబు ఇండ్లలో ఆ బరువంతా పిల్లర్లదే. గోడ పగిలితే మళ్ళీ కట్టుకోవచ్చు. పిల్లరు విరిగితే పైనున్నదంతా కిందికి వస్తుంది. మనకు దూరం కాని నానక్‌రాంగూడలో 2016 డిసెంబరులో కడుతూ వున్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది మరణించారు. కాంక్రీటు కట్టడం కూలితే పరుగెత్తే వ్యవధి వుండదు.

పిల్లరు ఎలా వుండాలో దేశమంతటికీ ఒక ప్రమాణం వున్నది. 1953లో తొలిసారి వెలువడి, 2000లో మళ్ళీ సవరించిన ఐ.ఎస్. 456 అది. అందులోని ముఖ్యమైన లెక్కలు రైతుకు అర్థం కానివేమీ కావు. చువ్వ 12 ఎం.ఎం.కు తగ్గరాదు. నలుచదరపు పిల్లరులో నాలుగు చువ్వలకు తక్కువ వుండరాదు. పిల్లరు అడ్డుకోతలో మామూలుగా నూటికి 0.8 వంతు ఇనుము వుండాలి. తొమ్మిదంగుళాలకు తొమ్మిదంగుళాల పిల్లరుకు నాలుగు 12 ఎం.ఎం. చువ్వలు ఈ లెక్కకు సరిపోతాయి. అదే పిల్లరు తొమ్మిదికి పన్నెండైతే ఆ నాలుగూ చాలవు, ఆరు కావాలి. ఇది కనీసపు లెక్క మాత్రమే. మోయవలసిన బరువును బట్టి ఇంకా ఎక్కువ కావచ్చు.

ఎక్కువగా అశ్రద్ధ జరిగేది రింగుల దగ్గర. బరువు పడినప్పుడు చువ్వలు బయటికి వంగజూస్తాయి. వాటిని పట్టి వుంచేది రింగే. 12 ఎం.ఎం. చువ్వలున్న పిల్లరులో రింగుకూ రింగుకూ మధ్య ఏడున్నర అంగుళాలు దాటరాదు. అడుగుకొకటి కట్టి ఇనుము మిగిలిందనుకుంటే, మిగిలింది ఇనుము కాదు, ప్రమాదం. రింగు కొసలను లోపలికి బాగా వంచాలి. రింగుల వెలుపల కాంక్రీటు ఒకటిన్నర అంగుళం మందం వుంటేనే చువ్వలకు తుప్పు నుంచి రక్షణ.

ఇక నీళ్ళు. కలపడానికి సులువని నీళ్ళు గుమ్మరిస్తే కాంక్రీటు గుల్లబారుతుంది. మామూలు ఇంటి కాంక్రీటుకు బస్తా సిమెంటుకు 30 లీటర్లు మించరాదు. ఇసుకలోని తడి కూడా ఇందులో లెక్కే. పోసిన తరువాత మాత్రం నీటికి పిసినారితనం పనికిరాదు. మన ఎండలకు పది రోజులకు తక్కువ కాకుండా గోనెపట్టాలు చుట్టి తడుపుతూ వుండాలి.

మేస్త్రీల అనుభవాన్ని ఎవరూ తక్కువ చేయడం లేదు. కాని ఒక అంతస్తుకని వేసిన పునాది మీద కొడుకుల పెళ్ళిళ్ళయ్యాక రెండోదీ, అద్దె కోసం మూడోదీ లేపుతున్నప్పుడు కంటిచూపు చాలదు. ఎన్ని అంతస్తులు కట్టదలచుకున్నదీ ముందే ఇంజనీరుకు చెప్పి లెక్క వేయించుకోవాలి. ఆ ఖర్చు ఇంటి ఖర్చులో చిన్నభాగం.

2025లో చేవెళ్ల, మొయినాబాదు మునిసిపాలిటీలయ్యాయి. ఇనుము కట్టినాక, కాంక్రీటు పోయకముందు ఇంజనీరు వచ్చి పిల్లర్లు చూసి సంతకం చేసే పద్ధతిని ఈ రెండు పురపాలక సంఘాలూ ఖచ్చితంగా అమలు జరపాలి. చుట్టుపక్కల పంచాయతీలలోనూ అదే జరగాలి. పోసిన తరువాత లోపల ఏమున్నదో చూడడం ఎవరి తరమూ కాదు. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. పిల్లరు సంగతి మాత్రం కాంక్రీటు పోయకముందే చూడాలి.